ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్: గైడ్లకి, పోర్టర్లకి టిప్పు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా దసరా దగ్గర పడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బేస్ క్యాంప్‌కి వెళ్తున్నాం" అంటూ బూట్ల దగ్గర మొదలుపెట్టి, ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర దాకా అన్నీ అడుగుతారు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం గొంతు కొంచెం తగ్గించి, "ఇంతకీ టిప్పు ఎంత ఇవ్వాలంటావ్?" అంటారు. నేను రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి ఈ విషయంలోనే తప్పు చేశాను. అందుకే ఎక్కువగా వచ్చే సందేహాలన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. వేరే చెప్పని చోటల్లా లెక్క నేపాలీ రూపాయల్లోనే.

## బయలుదేరే ముందు

ప్యాకేజీకి అంత డబ్బు కట్టాక మళ్లీ టిప్పు ఎందుకండీ?

ప్యాకేజీలో వాళ్ల రోజుకూలీ ఉంటుంది, నిజమే. కానీ ఈ పని ఏడాది పొడుగునా ఉండదు. అక్టోబరు, నవంబరు ఒక సీజను, మార్చి నుంచి మే దాకా ఇంకో సీజను, అంతే. వానల్లోనూ గడ్డకట్టే చలిలోనూ దారి దాదాపు ఖాళీ. ఆ నెలల్లో చాలామంది పోర్టర్లు ఊరికి వెళ్లి మొక్కజొన్నో, బంగాళదుంపో, కోదో అనే చిరుధాన్యమో పండించుకుంటారు. అందుకే ట్రెక్ చివర వచ్చే టిప్పుని వాళ్లు ముందే ఇంటి ఖర్చుల్లో లెక్కేసుకుని ఉంటారు. మన దగ్గర పెళ్లిలో వంటవాళ్లకి కూలీ ఇచ్చాక కూడా చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపుతాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆ మొత్తం పెద్దది, దాని మీద ఆశా పెద్దదే.

టిప్పు తప్పనిసరా? ఇవ్వకపోతే ఏమవుతుంది?

చట్టంలో ఎక్కడా లేదు. ఇవ్వకపోతే ఎవరూ మిమ్మల్ని ఆపరు, గొడవ చేయరు. మీ బ్యాగు, ట్రెక్ మొదలై ముగిసే లుక్లా ఎయిర్‌పోర్టు దాకా క్షేమంగా వస్తుంది, నమస్తే చెప్పి పంపిస్తారు. అయితే పన్నెండు రోజులు మీ బరువు మోసిన మనిషి వట్టి చేతుల్తో ఇంటికి వెళ్తాడు. తప్పనిసరి కాదు కదా అని బడ్జెట్‌లో వేసుకోకుండా వెళ్లేవాళ్లే చివరి రోజు ఇబ్బంది పడతారు. నా దృష్టిలో ఇది పర్మిట్ ఫీజులాంటి ఖర్చే. ముందే పక్కన పెట్టుకోండి.

ఎంత ఇవ్వాలి? తిప్పకుండా సూటిగా చెప్పండి.

గ్రూపు మొత్తం కలిసి గైడ్‌కి రోజుకి 1,200 నుంచి 1,800, అసిస్టెంట్ గైడ్ ఉంటే అతనికి 900 నుంచి 1,200, ఒక్కో పోర్టర్‌కి 700 నుంచి 1,000. తలా ఒక్కొక్కరు విడిగా ఇవ్వాలని దీనర్థం కాదు, అందరూ కలిపి ఇచ్చేదే ఇది. ఒకే మనిషి దారి చూపిస్తూ బ్యాగు కూడా మోస్తే అతన్ని పోర్టర్-గైడ్ అంటారు. అతనికి గైడ్ లెక్కే వేయండి, రెండు పనులు చేస్తున్నాడు కాబట్టి. ప్యాకేజీ ధరలో పది, పదిహేను శాతం అనే లెక్క కూడా వినపడుతుంది. నాకది నచ్చదు. ఖరీదైన లాడ్జిలో పడుకున్నంత మాత్రాన పోర్టర్ మోసే బరువు పెరగదు, చవక ప్యాకేజీ తీసుకున్నంత మాత్రాన తగ్గదు. రోజుల లెక్కే న్యాయం.

మేం ఆరుగురం. ఒక్కొక్కరికి ఎంత పడుతుంది?

పన్నెండు రోజుల నడక, ఒక గైడ్, ఒక అసిస్టెంట్, ముగ్గురు పోర్టర్లు అనుకుందాం. గైడ్‌కి రోజుకి 1,500 చొప్పున 18,000. అసిస్టెంట్‌కి 1,000 చొప్పున 12,000. పోర్టర్లకి 800 చొప్పున ఒక్కొక్కరికి 9,600, ముగ్గురికి 28,800. మొత్తం 58,800. ఆరుగురు పంచుకుంటే తలా 9,800 నేపాలీ రూపాయలు, మన డబ్బులో 6,125. అక్కడ కొన్న డౌన్ జాకెట్ కంటే తక్కువే అవుతుంది. ఈ లెక్కని బయలుదేరే ముందే ఒక కాగితం మీద రాసి అందరికీ పంపండి. కొండ మీద తలనొప్పితో కూర్చుని భాగహారాలు చేయలేం.

ఒక్కడినే వెళ్తున్నాను. నాకూ ఇదే లెక్కా?

ఒక్కరే అయితే భారం అంతా మీదే, కాబట్టి గైడ్‌కి రేంజ్‌లో కింది అంకె వేసుకున్నా ఎవరూ తప్పుగా అనుకోరు. పన్నెండు రోజులకి గైడ్‌కి 1,200 చొప్పున 14,400, పోర్టర్‌కి 800 చొప్పున 9,600, వెరసి 24,000. మన రూపాయల్లో 15,000. ఇది బరువనిపిస్తే టిప్పు కోసేయడం కంటే, ఇద్దరి బదులు ఒక్క పోర్టర్-గైడ్‌ని పెట్టుకుని సామాను తగ్గించుకోవడం మేలు.

గైడ్ షెర్పానే కదా? పోర్టర్లు కూడా షెర్పాలేనా?

షెర్పా అంటే ఉద్యోగం పేరు కాదు, ఒక జాతి పేరు. వాళ్ల భాషలో 'షార్' అంటే తూర్పు, 'పా' అంటే మనుషులు. ఈ ట్రెక్ సాగే ఖుంబూ లోయ వాళ్ల సొంత ఊరు. ఇవాళ అక్కడ చాలా లాడ్జీలకి ఓనర్లు షెర్పాలే. మీ బ్యాగు మోసేవాళ్లు ఎక్కువగా రాయ్, తమాంగ్, మగర్ లాంటి జాతుల వాళ్లు, కింది కొండల్లోని పల్లెల నుంచి వస్తారు. ఇది తెలుసుకోవడం ఎందుకంటే, "వాళ్లకి ఎత్తు అలవాటే, చలి వెయ్యదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. కింది పల్లెల్లో పుట్టి పెరిగినవాడికి 5,000 మీటర్ల దగ్గర మనకి పట్టినట్టే తల పట్టేస్తుంది. అందరినీ "షెర్పా" అని పిలవకుండా పేరు అడగండి.

బుక్ చేసేముందు ఏజెన్సీని ఏం అడగాలి?

నాలుగు అడగండి. పోర్టర్‌కి ఇన్సూరెన్స్ చేయించారా? ఒక్కొక్కరి మీద ఎన్ని కిలోలు పెడతారు? చలిబట్టలు, బూట్లు మీరే ఇస్తారా, అతనే తెచ్చుకోవాలా? రాత్రి ఎక్కడ పడుకుంటాడు? ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడగండి. జవాబు తిన్నగా వస్తే సరే. "ఇవన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు ఎంజాయ్ చేయండి" అని దాటేస్తే ఇంకో ఏజెన్సీని చూసుకోండి. మిగతావాటికంటే మరీ తక్కువ ధరకి ప్యాకేజీ దొరికిందంటే ఆ తగ్గింపు ఎవరి కూలీలోంచో వచ్చి ఉంటుంది. దాన్ని మీ టిప్పు పూడ్చలేదు.

"టిప్పు కూడా ప్యాకేజీలో కలిపేశాం" అన్నారు. నమ్మొచ్చా?

ఎవరికి ఎంత ఇస్తారో అంకెలతో రాసిమ్మని అడగండి. రాసిస్తే, ఆ కాగితాన్ని గైడ్‌కి మొదటిరోజే మామూలుగా చూపించండి. అతని మొహంలోనే జవాబు దొరుకుతుంది. ఒక ట్రిప్పులో మా గైడ్ ఆ కాగితం చూసి ఏమీ అనలేదు, మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. ఏజెన్సీకి చెల్లించింది పోయిందనుకుని మళ్లీ సొంతంగా ఇచ్చుకున్నాం. అంకెలు చెప్పడానికి ఒప్పుకోకపోతే ఆ మొత్తాన్ని ప్యాకేజీలోంచి తీసేయించి, మీ చేత్తో ఇస్తామని చెప్పండి.

## డబ్బు సంగతి

ఇండియన్ రూపాయలు ఇవ్వొచ్చా?

వంద నోట్లు నిక్షేపంగా చెల్లుతాయి. 100 ఇండియన్ రూపాయలు అంటే 160 నేపాలీ రూపాయలు, 1993 నుంచి ఇదే రేటు, మారలేదు. పెద్ద నోట్లతోనే చిక్కు. 2018 డిసెంబరులో నేపాల్ 200, 500, 2,000 నోట్లని నిషేధించింది. ఆ తర్వాత కూడా ఈ నిబంధనల్లో మార్పులు వస్తూనే ఉన్నాయి, కాబట్టి బయలుదేరే వారం ఒకసారి చూసుకోండి. పోర్టర్ వైపు నుంచి ఆలోచిస్తే నేపాలీ నోట్లే మంచిది. అతని ఊరి కిరాణా కొట్టులో మన గాంధీ నోటు మార్చుకోవడం అతనికి ఒక పని. కాఠ్మండులో మార్చుకుని, ఏనుగు బొమ్మ ఉన్న వెయ్యి నోట్లు, పులి బొమ్మ ఉన్న ఐదొందల నోట్లు కలిపి తీసుకోండి.

మేం అమెరికా నుంచి వస్తున్నాం. డాలర్లు ఇస్తే?

గైడ్లు సంతోషంగానే తీసుకుంటారు, కాఠ్మండులో మార్చుకోవడం వాళ్లకి తేలిక. నోటు కొత్తగా ఉండాలి. చిన్న చిరుగు, పెన్ను గీత ఉన్నా మనీ ఛేంజర్ తిప్పికొడతాడు. పోర్టర్లకి మాత్రం నేపాలీ రూపాయలే ఇవ్వండి. ఒక్కో డాలరు నోట్లు, ఐదు డాలర్ల నోట్లు కట్టగా ఇస్తే వాటికి రేటు తక్కువ కడతారు. చిల్లర నాణేలు అసలే వద్దు, వాటిని ఎవరూ మార్చరు. అమెరికా అలవాటుతో, దారిలో తిండి, బస ఇచ్చే ప్రతి టీ హౌస్ బిల్లు మీదా ఇరవై శాతం టిప్పు వేయక్కర్లేదు. ఆ డబ్బు కూడా పోర్టర్ కవర్లోకి చేర్చండి.

యూపీఐ పనిచేస్తుందా?

2024 మార్చి నుంచి నేపాల్‌లో క్యూఆర్ ఉన్న చాలా దుకాణాల్లో మన యూపీఐతో కట్టొచ్చు. అక్కడి ఫోన్‌పే వేరే కంపెనీ, మన ఫోన్‌పే వేరే. పేరు ఒకేలా వినిపిస్తుంది కాబట్టి తికమక పడకండి. కాఠ్మండులో భోజనాలకి, షాపింగ్‌కి బాగానే పనికొస్తుంది. టిప్పుకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. కొండ మీద నెట్‌వర్క్ ఉండీ లేనట్టే ఉంటుంది, ఫోన్ చలికి ఆగిపోతుంది, పైగా పోర్టర్ దగ్గర దుకాణం క్యూఆర్ ఉండదు. నగదే ఇవ్వాలి.

ఎంత క్యాష్ పట్టుకెళ్లాలి? దారిలో ఏటీఎంలు ఉంటాయా?

లుక్లాలోనూ నామ్చే బజార్‌లోనూ ఉన్నాయి. కానీ కరెంటు పోయినా, లైను పోయినా, సీజన్‌లో డబ్బు అయిపోయినా అవి అలంకారమే. తీసినప్పుడల్లా ఛార్జీ కూడా పడుతుంది. నామ్చే దాటితే చేతిలో ఉన్నదే దిక్కు. నా పద్ధతి చెబుతాను. టిప్పు మొత్తాన్ని కాఠ్మండులోనే తీసి, ఒక జిప్ కవర్లో పెట్టి, దాని మీద మార్కర్‌తో "ఇది మనది కాదు" అని రాసి బ్యాగు అడుగున పెట్టేస్తాను. వేడినీళ్ల స్నానానికి, ఫోన్ ఛార్జింగ్‌కి, వైఫై కార్డుకి ఖర్చయ్యేది వేరే పర్సులోంచి వెళ్లాలి. ఎత్తుకి వెళ్లేకొద్దీ టీ, నీళ్ల బాటిల్ ధరలు పెరుగుతూనే ఉంటాయి. రెండూ ఒకే పర్సులో ఉంటే బేస్ క్యాంప్‌కి ముందు ఆఖరి మజిలీ గోరక్ షెప్ చేరేసరికి టిప్పు డబ్బు సగం సూపుల్లో కరిగిపోతుంది.

## దారిలో

పోర్టర్‌కి ఎంత బరువు ఇవ్వొచ్చు?

మామూలుగా ఇద్దరు ట్రెక్కర్లకి ఒక పోర్టర్. ఒక్కొక్కరి డఫెల్ బ్యాగు పది, పన్నెండు కిలోలు దాటకూడదు. పైన అతని సొంత సామాను ఉంటుంది. నేపాల్‌లో అన్నీ కలిపి 30 కిలోలకి మించరాదని పోర్టర్ల రక్షణ కోసం పనిచేసే సంస్థలు చెబుతున్నాయి. దారిలో ప్లైవుడ్ షీట్లు, బియ్యం బస్తాలు, బీరు కేసులు ఇంకా ఎంతో ఎక్కువ బరువు మోసుకెళ్లేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు సరుకు మోసేవాళ్లు, కిలోల లెక్కన కూలీ. వాళ్లని చూపించి "చూడు, వాళ్లు మోయట్లేదా" అనకండి.

మన తెలుగువాళ్ల బ్యాగుల్లో బట్టలకంటే తిండి ఎక్కువ. మొదటిసారి లుక్లాలో కొక్కెం కాటాకి నా బ్యాగు తగిలిస్తే పదహారు చూపించింది. విమానంలో లిమిట్ తప్పించుకోడానికి జేబుల్లో కుక్కుకొచ్చినవన్నీ అందులోకే తిరిగి పోశాను మరి. విప్పి చూస్తే ఆవకాయ గాజు సీసా, కందిపొడి, రెండు కిలోల జంతికలు. మా పోర్టర్ కుర్రాడు ఆ సీసాని పైకెత్తి చూసి నవ్వాడు. నవ్వాడే కానీ మోయాల్సింది అతనే. అక్కడికక్కడే జంతికలు టీ హౌస్‌లో పంచేశాం. ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి నా వీపు మీదికి ఎక్కించాను.

పోర్టర్లు మాకు కనిపించనే కనిపించరు. పరిచయం ఎలా?

నిజమే, పొద్దున్నే మీ బ్యాగు కట్టుకుని ముందు వెళ్లిపోతారు, మీరు చేరేసరికి బ్యాగు గది ముందు ఉంటుంది. మొదటిరోజు లుక్లాలోనే గైడ్‌ని అడిగి అందరి పేర్లు రాసుకోండి, కలిసి ఒక ఫోటో తీసుకోండి. చివరి రోజు కవరు మీద పేరు రాయడానికి ఇదే పనికొస్తుంది. మీకంటే పెద్దవాడైతే 'దాయి', చిన్నవాడైతే 'భాయి', ఆడవాళ్లయితే 'దీదీ' లేదా 'బహినీ' అని పిలవండి. హిందీ వచ్చినవాళ్లకి మాటలు సులువు. చాలామంది పోర్టర్లకి హిందీ అర్థమవుతుంది, కొందరు మన ఊళ్లలో పనిచేసి వెళ్లినవాళ్లు కూడా. హైదరాబాద్ హోటల్లో మూడేళ్లు ఉన్నానని ఒకతను చెప్పి, "బిర్యానీ" అని కళ్లు మూసుకున్నాడు.

రోజూ కొంచెం కొంచెం ఇస్తే బాగుంటుందా?

వద్దు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వలేదన్న మాట పుడుతుంది, దారిలో ఖర్చయిపోతుంది కూడా. చివర్లో ఒకేసారి చేతిలో పడితేనే ఇంటికి చేరుతుంది. ముందే మొత్తం ఇచ్చేయడమూ అంతే, ఇద్దరికీ ఇబ్బందే.

గైడ్‌కి రోజూ భోజనం మేమే కొనిపెట్టాలా?

సాధారణంగా వాళ్ల తిండి, బస ఖర్చు కూలీలోనో ఏజెన్సీ లెక్కలోనో ఉంటుంది. లాడ్జీలు వాళ్లకి వేరే ధర వేస్తాయి. గైడ్ మీకు వడ్డించి, మీ ఆర్డర్లు రాసుకుని, మీరంతా తిన్నాకే తను దాల్ భాత్ తింటాడు. పక్కన కూర్చోమంటే మొహమాటపడతాడు, బలవంతపెట్టకండి. దారిలో ఆగినచోట పోర్టర్లకి కూడా కలిపి ఒక టీ చెప్పండి. అది మర్యాద. టిప్పులోంచి మినహాయించుకునే ఖర్చు కాదు.

సాయంత్రం వాళ్లకి మందు పోయించొచ్చా?

పైకి వెళ్లేటప్పుడు వద్దే వద్దు. ఎత్తులో మందు మీకూ చెడ్డదే, రేపు మీ బరువు మోసేవాడికీ చెడ్డదే. దిగి లుక్లా చేరాక చివరి రాత్రి సరదాగా ఒక బీరో, ఛాంగ్ అనే అక్కడి నాటు బీరో పంచుకోవడం అలవాటు.

టీ హౌస్ వాళ్లకి, డ్రైవర్లకి, జోప్క్యోలు తోలేవాళ్లకి?

టీ హౌస్‌లో టిప్పు ఆనవాయితీ లేదు. వంటింటి అమ్మాయి మీకు రాత్రిపూట వేడినీళ్లు తెచ్చి ఇచ్చిందనుకోండి, వందో రెండొందలో ఇవ్వండి. పెద్ద గ్రూపుల సామాను జోప్క్యోల మీద, అంటే జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన పశువుల మీద వెళ్తుంది. తోలే మనిషికి ఒక పోర్టర్ లెక్క వేయండి. కాఠ్మండు డ్రైవర్‌కి రెండొందలు, మూడొందలు. లుక్లా విమానాలు సీజన్‌లో ఎక్కువగా కాఠ్మండు నుంచి కాక రామేఛాప్ నుంచి ఎగురుతాయి. అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు ఘాట్ రోడ్డులో తీసుకెళ్లే డ్రైవర్‌కి ఇంకొంచెం ఎక్కువ.

## అనుకున్నట్టు జరగకపోతే

నాకు ఒంట్లో బాగోక మధ్యలోంచే హెలికాప్టర్‌లో దిగిపోతే?

మీ వాటా పూర్తిగా ఇవ్వండి. మీరు దిగిపోయినా మీ గ్రూపు గైడ్, పోర్టర్లు మిగతావాళ్లతో చివరిదాకా నడుస్తారు. కవరు మిత్రుడి చేతిలో పెట్టి వెళ్లండి. ఒంటరిగా వెళ్లి మధ్యలో ఆగిపోతే, ఒప్పుకున్న రోజులన్నిటికీ ఇవ్వడం న్యాయం. ఆ సీజన్‌లో ఆ పన్నెండు రోజులు వాళ్లు మీకోసం పక్కన పెట్టుకున్నవి. ఇక్కడ ఇంకో మాట. బేస్ క్యాంప్ చేరితేనే టిప్పు అనే ఆలోచన గైడ్‌కి పొరపాటున కూడా రానివ్వకండి. "ఇక చాలు, దిగిపోదాం" అని మీతో ధైర్యంగా చెప్పగలిగే గైడే మంచి గైడ్. దింగ్‌బోచేలో మా బావమరిదికి ఊపిరాడక ఇబ్బందైనప్పుడు అసిస్టెంట్ గైడ్ రాత్రికి రాత్రే అతన్ని నడిపించి కిందికి తీసుకెళ్లాడు. ఆ అబ్బాయి మాతో బేస్ క్యాంప్ చూడనే లేదు. అతని కవరే మా గ్రూపులో అన్నిటికంటే బరువైనది.

పోర్టర్‌కి జబ్బు చేసి వెనక్కి వెళ్తే?

ముందు చూడాల్సింది టిప్పు కాదు. జబ్బుపడిన పోర్టర్‌ని ఒంటరిగా కిందికి పంపకూడదు, తోడు మనిషి ఉండాలి. మీకు ఇచ్చినట్టే మందులు, డాక్టరు, అవసరమైతే హెలికాప్టర్ అతనికీ అందాలి. ఫెరిచేలో సీజన్‌లో డాక్టర్లు ఉండే క్లినిక్ ఉంది, పోర్టర్లని కూడా చూస్తారు. గైడ్‌ని మొహమాటం లేకుండా అడగండి. అతను నడిచిన రోజుల టిప్పుని వెళ్లేముందే చేతిలో పెట్టండి, ఇంకొంచెం కలిపి. బదులుగా వచ్చిన పోర్టర్‌కి అతను మోసిన రోజుల లెక్క.

గైడ్ సరిగ్గా చూసుకోలేదు. టిప్పు తగ్గించొచ్చా?

తగ్గించొచ్చు, కానీ ఏ కారణానికో చూసుకోండి. మబ్బు పట్టి ఎవరెస్ట్ కనపడకపోవడం, గదిలో చలి, విమానం రద్దు, ఇవి గైడ్ తప్పులు కావు. గ్రూపులో వెనకబడిన మనిషిని వదిలేసి ముందుకెళ్లిపోవడం, తలనొప్పి ఉందని చెప్పినా పట్టించుకోకపోవడం, తాగి రావడం, ఇవి తప్పులు. ఎందుకు తగ్గించారో మొహం మీదే మర్యాదగా చెప్పండి, ఏజెన్సీకీ రాయండి. గైడ్ మీద కోపం పోర్టర్ల మీద చూపించకండి, వాళ్ల కవరు అలాగే ఉండాలి.

వాతావరణం బాగోక లుక్లాలో మూడు రోజులు ఇరుక్కుపోతే?

ఇది తరచుగా జరిగేదే. పోర్టర్లు సాధారణంగా లుక్లా చేరగానే లెక్క తేల్చుకుని వెళ్లిపోతారు. గైడ్ మాత్రం మీతోనే ఉండి, తెల్లారగానే ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర మీకోసం తోసుకుంటూ ఉంటాడు. ఆ రోజులకి కూడా అతని లెక్క కట్టాలి. అందుకే రెండు మూడు రోజులకి సరిపడా డబ్బు అదనంగా ఉంచుకోండి.

## చివరి సాయంత్రం

టిప్పు ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలి?

లుక్లాలో, విమానం ముందురోజు సాయంత్రం, టీ హౌస్ డైనింగ్ హాల్లో. కాఠ్మండు వెళ్లాక ఇద్దాంలే అనుకుంటే పోర్టర్లు అప్పటికి ఉండరు. వాళ్లలో ఎక్కువమంది లుక్లాలో పనికి చేరి లుక్లాలోనే దిగిపోయేవాళ్లు, అక్కణ్నుంచి వాళ్ల ఊరికి నడకే. గైడ్ మీతో కాఠ్మండు వస్తుంటే అతనిది అక్కడ ఇచ్చినా ఫర్వాలేదు.

మొత్తం గైడ్ చేతికిచ్చి పంచమంటే సరిపోదా?

నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. అలసిపోయి ఉన్నాం, నోట్ల కట్ట గైడ్‌కి ఇచ్చి "అందరికీ పంచేయండి" అన్నాం. మర్నాడు పొద్దున ఎయిర్‌పోర్టు గోడ దగ్గర మా పోర్టర్లలో ఒకతను కనిపిస్తే, వచ్చిందా అని అడిగాను. వేళ్లతో లెక్క చూపించాడు. మేం అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. గైడ్ దొంగ అని నేను అనను. తన వాటా ఎంతో, వాళ్లది ఎంతో మేం చెప్పలేదు, అతను తనకి తోచినట్టు పంచాడు. ఆ విమానంలో నాకు హిమాలయాలు కనపడలేదు.

అప్పట్నుంచి ఒక్కొక్కరికి ఒక్కో కవరు, మీద పేరు, లోపల మొత్తం, ఎవరిది వాళ్ల చేతికే. గైడ్‌కి ముందే చెప్పి పోర్టర్లని హాల్లోకి పిలిపించమనండి. కవర్లు హైదరాబాద్ నుంచే పట్టుకెళ్లండి. శుభకార్యాలకి ఇచ్చే రూపాయి బిళ్ల అంటించిన కవర్లయినా పర్లేదు, మేం అవే ఇచ్చాం. ఆ బిళ్ల ఎందుకని అడిగితే చెప్పడానికి ఒక కబురు దొరికింది.

ఎలా ఇవ్వాలి? ఏమైనా మాట్లాడాలా?

కుడిచేత్తో ఇవ్వండి, ఎడమచేయి కుడి మోచేతికి ఆనించి ఇస్తే అక్కడ గౌరవం. పేరు పిలిచి, "ధన్యవాద్ దాయి" అంటే చాలు. ఉపన్యాసాలు అక్కర్లేదు. గ్రూపులో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేత ఇప్పించండి. మొదట పోర్టర్లకి ఇచ్చి, తర్వాత అసిస్టెంట్‌కి, ఆఖర్న గైడ్‌కి ఇవ్వండి. గైడ్‌తో మొదలుపెడితే ఫోటోలు, కౌగిలింతలతో కాలం గడిచిపోయి పోర్టర్లు గుమ్మం దగ్గరే నిలబడిపోతారు.

కవరు తెరిచి చూడనే లేదు, మొహంలో ఏమీ లేదు. తక్కువైందా?

కాదు. ఇచ్చినవాళ్ల ఎదురుగా విప్పి చూడటం అక్కడ మర్యాద కాదు. మా పోర్టర్లలో చిన్నవాడు, బరువుని నుదుటికి తగిలించుకునే నామ్లో పట్టీ ఒరిసి నుదుటి మీద మచ్చ పడ్డ కుర్రాడు, కవరుని ఆ మచ్చకే ఒకసారి ఆనించుకుని జాకెట్ లోపలి జేబులో పెట్టుకున్నాడు. జిప్ రెండుసార్లు లాగి చూసుకున్నాడు. అంతే, వెళ్లి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

ఇంకా ఇవ్వమని గైడ్ అడిగితే?

అరుదు, కానీ జరుగుతుంది. ముందుగా మీ లెక్కలో రోజులేమైనా వదిలేశారేమో చూసుకోండి. ఎత్తుకి అలవాటు పడటానికి నామ్చేలో, దింగ్‌బోచేలో ఆగిన రోజుల్ని సెలవుగా లెక్కేసి కోసేవాళ్లున్నారు. ఆ రోజుల్లోనూ గైడ్ మిమ్మల్ని పైకి తీసుకెళ్లి దింపాడు, పోర్టర్ ఇంటికి దూరంగానే ఉన్నాడు. లెక్క సరిగ్గానే ఉంటే నవ్వుతూ "ఇదే మా మొత్తం" అని ఆపేయండి. బేరాలు పెట్టకండి.

గ్రూపులో ఒకరు "నేనివ్వను" అంటే?

ప్రతి గ్రూపులో ఒకరుంటారు. లుక్లాలో వాదన పెట్టుకోవద్దు. ఆ సాయంత్రానికి మిగతావాళ్లు సర్దుకుని కవర్లు పూర్తిచేయండి, పోర్టర్ ముందు ఆ విషయం రానివ్వకండి. నిజానికి ఈ తంటా రాకుండా ఒకటే మార్గం: టికెట్ డబ్బు వసూలు చేసేరోజే టిప్పు కూడా వసూలు చేయడం.

డబ్బు బదులు జాకెట్, బూట్లు ఇస్తే?

బదులు కాదు, అదనంగా ఇవ్వండి. మంచి గ్లౌజులు, చలువ కళ్లద్దాలు, హెడ్‌ల్యాంప్, డౌన్ జాకెట్ లాంటివైతే సంతోషంగా తీసుకుంటారు. ఉతికి ఇవ్వండి. సోలు ఊడిన బూట్లు, వాసనొచ్చే సాక్సులు ఇవ్వడమంటే చెత్తని ఇంకొకరి వీపుకెక్కించడమే. ఒకటే జాకెట్ ఉండి ముగ్గురు పోర్టర్లుంటే చీటీ వేయండి, నవ్వులాటగా అయిపోతుంది. కాఠ్మండులో కీప్ అనే సంస్థ పోర్టర్లకి చలిబట్టలు అరువిచ్చే బట్టల బ్యాంకు నడుపుతోంది. ఎక్కువ ఉంటే అక్కడ ఇవ్వొచ్చు.

## ఇంటికొచ్చాక

గైడ్ మెసేజ్ పెట్టాడు, పిల్లల ఫీజుకి డబ్బు కావాలట. పంపాలా?

టిప్పుతో మీ బాధ్యత తీరింది, ఆ పైన మీ ఇష్టం. పంపాలనిపిస్తే ఒకసారికి పంపండి. నెలనెలా పంపుతానని మాటివ్వకండి, నిలబెట్టుకోలేకపోతే ఇద్దరికీ బాధ. అంతకంటే అతనికి పనికొచ్చేది ఇంకోటి ఉంది: వచ్చే ఏడాది వెళ్లే మీవాళ్లకి అతని పేరు చెప్పడం. మా గైడ్‌కి ఆ తర్వాత మా ఊరి నుంచే మూడు గ్రూపులు వెళ్లాయి.

కిలిమంజారోకి కూడా ఇదే లెక్కా?

కాదు. టాంజానియాలో క్యాంపింగ్ దార్లలో గుడారాలు, వంటసామాను, తిండి అన్నీ మోసుకెళ్తారు కాబట్టి ఒక్కో ట్రెక్కర్‌కి ముగ్గురు, నలుగురు పోర్టర్లు, పైన వంటాయన, అసిస్టెంట్ గైడ్లు ఉంటారు. పోర్టర్ బరువు హద్దు 20 కిలోలు, గేటు దగ్గర కాటా వేస్తారు. టిప్పు డాలర్లలో, చివరి రోజు అందరూ నిలబడి ఉండగా ఎవరికెంతో పైకి చదివి ఇస్తారు. మనిషికి రెండొందల నుంచి మూడొందల డాలర్ల దాకా పక్కన పెట్టుకోండి. ఎంతమంది సిబ్బంది వస్తారో, వాళ్ల పేర్లేంటో మొదటిరోజు గేటు దగ్గరే రాయించుకోండి. చివరి రోజు లెక్కలో కొత్త పేర్లు కలుస్తుంటాయి.